మందు లేని సాగుకు సర్కారు సొమ్ము

పత్తికి పురుగు తగిలింది. అప్పు చేసి మందు తెచ్చారు. కొట్టారు. పురుగు చావలేదు. మళ్ళీ తెచ్చారు. మళ్ళీ కొట్టారు. పంట ఇంటికి రాకముందే దుకాణం బాకీ పెరిగింది. మందు కలిపిన చేతులు మండాయి. కళ్ళు తిరిగాయి.

ఒకప్పుడు ఖమ్మం జిల్లా పునుకుల గ్రామంలో ఇదే బాధ. ఇప్పుడు ఆ ఊరు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. అక్కడి రైతులు ఒక స్వచ్ఛంద సంస్థ సాయంతో వేపగింజల కషాయం వాడారు. మహిళా సంఘాలు ముందుకొచ్చాయి. మందులు మానమని మగవాళ్ళకు నచ్చచెప్పాయి. వేపగింజలు పొడి చేసే మరను ఆడవాళ్ళే నడిపారు. 2004 నాటికి ఊరు ఊరంతా పురుగుమందు మానేసింది.

ఒక ఊరు నేర్చుకున్నది పది ఊళ్ళకు ఎలా చేరుతుంది? ఎవరో ఒకరు వెళ్ళి చెప్పాలి. చేసి చూపించాలి. దానికి డబ్బు కావాలి. మందులు అమ్మేవాళ్ళు ఈ డబ్బు ఎందుకిస్తారు? వేపగింజ మన చెట్టు కిందే దొరుకుతుంది కదా! అందుకే ప్రభుత్వం ఇవ్వాలి.

ఇలా ఇచ్చే సొమ్మును గ్రాంటు అంటారు. గ్రాంటు అప్పు కాదు. తిరిగి కట్టనక్కరలేదు. కాని ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడాలి. లెక్క చెప్పాలి.

ఈ సొమ్ము మూడు పనులకు పోతుంది.

ఒకటి, పరిశోధన. ఏ నేలలో ఏ పంట బాగుంటుంది? ఏ కషాయం ఏ పురుగును ఆపుతుంది? ఇవి పొలంలో పరీక్షించి చూడాలి.

రెండు, నేర్పడం. కృషి విజ్ఞాన కేంద్రాలు రైతులకు శిక్షణ ఇస్తాయి. ఆడవాళ్ళూ వెళ్ళవచ్చు.

మూడు, రైతుకు ఆసరా. కొత్త పద్ధతిలోకి మారే రైతుకు మొదట్లో దిగుబడి తగ్గవచ్చు. అప్పుడు చేయూత కావాలి.

2004 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'సెర్ప్' అనే ప్రభుత్వ సంస్థ మందు లేని సాగును మహిళా సంఘాల ద్వారా ఊరూరా నేర్పించింది. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం నేర్పిస్తోంది. అక్కడ తోటి రైతులే గురువులు. వారిలో ఆడవాళ్ళు చాలామంది.

2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు 2,481 కోట్ల రూపాయలు ఒప్పుకుంది. ఇందులో కేంద్రం వాటా 1,584 కోట్లు. రాష్ట్రాల వాటా 897 కోట్లు. ఊళ్ళలో పద్ధతులు నేర్పడానికి 'కృషి సఖులు' అనే మహిళలను పెట్టాలని ఈ పథకంలో ఉంది.

కోట్లు ఢిల్లీలో ఉంటే చేను పండదు. సొమ్ము మన ఊరిదాకా రావాలి. వ్యవసాయ అధికారిని అడగాలి. "మా ఊరికి ఏ పథకం వచ్చింది? ఎంత వచ్చింది? ఎవరికి శిక్షణ ఇచ్చారు?" గ్రామసభలో కూడా అడగాలి. ఒక్కరు అడిగితే రేపు రమ్మంటారు. సంఘమంతా వెళ్ళి అడిగితే జవాబు చెప్పక తప్పదు.

పొలమంతా ఒకేసారి మార్చనక్కరలేదు. ముందు అర ఎకరంలో చేసి చూడాలి. పెట్టిన ఖర్చు, వచ్చిన పంట రాసి పెట్టుకోవాలి. నేర్చుకున్న అక్షరం అక్కడ అక్కరకొస్తుంది.

ఆలోచించి చెప్పండి:
1. గ్రాంటుకూ అప్పుకూ తేడా ఏమిటి?
2. మీ ఊళ్ళో మందు లేని సాగు ఎవరు చేస్తున్నారు?
3. వచ్చే గ్రామసభలో మీరు ఏమి అడుగుతారు?