హాప్స్ చేదు: ఎంత వేశారు, ఎప్పుడు వేశారు

హైదరాబాద్‌ నాంపల్లిలోని ఆబ్కారీ భవన్ తెలంగాణ మద్యనిషేధ, ఆబ్కారీ శాఖకు ప్రధాన కార్యాలయం. రాష్ట్రంలో కాచి అమ్మే ప్రతి బీరూ ఈ శాఖ అనుమతితోనే బయటికి రావాలి. అనుమతి, సుంకం, సీసా మీది చీటీ అన్నీ బీరును ముందుగా చూసేది దానిలోని ఆల్కహాలు శాతాన్ని బట్టే. ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ మద్యపానీయాల కోసం 2018లో ప్రకటించిన నియమాలు కూడా 5 శాతం వరకూ ఆల్కహాలు ఉన్నదాన్ని సాధారణ బీరుగా, 5 దాటి 8 వరకూ ఉన్నదాన్ని స్ట్రాంగ్ బీరుగా విభజించాయి. నాంపల్లి స్టేషను నుంచి అబిడ్స్ దాకా ఉన్న బార్లలో వినపడే వాడుక మాటా ఇదే దారిలో నడుస్తుంది. అక్కడ మొదటి ప్రశ్న ‘లైటా, స్ట్రాంగా’, రెండోది ‘చిల్డ్ ఉందా’. చేదు ఎంత, ఎలాంటిది, ఎక్కడి నుంచి వచ్చింది అన్న మూడో ప్రశ్నకు ఈ బార్లలో ఇంతవరకూ అవసరం రాలేదు. ఎందుకంటే అక్కడ అమ్ముడయ్యేది దాదాపు అంతా లాగర్, అంటే చల్లని ఉష్ణోగ్రతలో నిదానంగా పులియబెట్టి, చేదునిచ్చే హాప్స్ చాలా తక్కువగా వేసి, తరచుగా బియ్యమో మొక్కజొన్నో పంచదారో కలిపి తేలిక చేసిన బీరు. నగరానికి పడమట జూబ్లీహిల్స్, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో మైక్రోబ్రూవరీలు, అంటే కాచిన చోటే గ్లాసులో పోసి అమ్మే చిన్న బీరు కర్మాగారాలు వచ్చాక మాత్రం ఆ మూడో ప్రశ్నను పక్కన పెట్టడం సాధ్యం కావడం లేదు. ఇండియా పేల్ ఏల్ అన్న ఒకే పేరు కింద ఒకచోట తేటగా, పదునైన చేదుతో ఉన్న పానీయం, మరొకచోట మామిడి రసంలా మసకగా, మెత్తగా ఉన్న పానీయం చేతికి వస్తే, ఈ రెండూ ఒకే శైలి ఎలా అవుతాయన్న వాదన సహజంగానే మొదలవుతుంది. ఆ వాదన వ్యర్థమైనది కాదు. దానిలో సగానికి పైగా రసాయనశాస్త్రమే ఉంది.

హ్యూములస్ లూప్యులస్ అనే తీగ మొక్క ఆడపూల గుత్తులనే హాప్స్ అంటారు. గంజాయి మొక్కదీ దీనిదీ ఒకే కుటుంబమైనా, గంజాయిలో మత్తు కలిగించే రసాయనం దీనిలో లేదు. గుత్తిలోని ఆకుపచ్చ రేకుల మొదళ్ళ దగ్గర లూప్యులిన్ అనే పసుపుపచ్చని గ్రంథులుంటాయి. చేదుకు మూలమైన ఆల్ఫా ఆమ్లాలూ, వాసనకు మూలమైన తైలాలూ వాటిలోనే పక్కపక్కన ఉన్నా, వేడి తగిలినప్పుడు రెండింటి నడత పరస్పర విరుద్ధం. ఆల్ఫా ఆమ్లాలు ఉన్నవి ఉన్నట్టుగా నీటిలో సరిగా కరగవు, వాటి చేదు మరిగిస్తేనే బయటపడుతుంది. తైలాలు మరిగిన కొద్దీ ఆవిరితో లేచిపోతాయి. అందువల్ల బీరు కాచేవారు ఒకే పిడికెడు హాప్స్ నుంచి ఒకేసారి పూర్తి చేదునూ పూర్తి వాసననూ రాబట్టలేరు. ఏదో ఒకటి వదులుకోవాలి, లేదా హాప్స్‌ను వేర్వేరు సమయాల్లో విడతలుగా వేయాలి.

బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడితే వచ్చే మాల్ట్‌ను వేడినీటిలో నానబెట్టి తీసిన తీపి ద్రవాన్ని వర్ట్ అంటారు. దీన్ని గంట నుంచి గంటన్నర వరకు మరిగించేటప్పుడు మొదట్లోనే వేసిన హాప్స్‌లో, హ్యూములోన్ వంటి ఆల్ఫా ఆమ్లాల అణువులో ఆరు కర్బన పరమాణువులతో ఉన్న వలయం ఐదు పరమాణువుల వలయంగా కుంచించుకుపోతుంది. పరమాణువుల సంఖ్య మారకుండా అమరిక మాత్రమే మారే ఈ చర్యను ఐసోమరీకరణం అంటారు. ఇలా ఏర్పడిన ఐసో-ఆల్ఫా ఆమ్లం నీటిలో బాగా కరుగుతుంది, లీటరుకు కొద్ది మిల్లీగ్రాములున్నా నాలుకకు తెలుస్తుంది. మనిషి నాలుక మీద చేదును పసిగట్టే గ్రాహకాలు సుమారు 25 రకాలున్నాయి. వాటిలో మూడు రకాలు హాప్స్ చేదుకు స్పందిస్తాయని 2009లో వెలువడిన పరిశోధన చూపింది. గ్రాహకాలను నిర్మించే జన్యువులు మనిషికీ మనిషికీ కొంత తేడాగా ఉంటాయి కనుక, ఒకే గ్లాసులోని బీరు ఒకరికి భరించలేనంత చేదుగానూ పక్కవారికి హాయిగానూ ఉండటంలో ఎవరి రుచీ తప్పు కాదు.

ఈ చేదు మొదట రుచి కోసం కాక నిల్వ కోసం విలువైనదైంది. ఐసో-ఆల్ఫా ఆమ్లాలు లాక్టోబాసిల్లస్ వంటి బ్యాక్టీరియా పొరలోకి చొరబడి, బయటి హైడ్రోజన్ అయాన్లను లోపలికి చేరవేసి, ఆ కణం బతకడానికి అవసరమైన లోపలి-బయటి ఆమ్లత తేడాను చెరిపేస్తాయి. బీరును పులియబెట్టే ఈస్ట్‌కు మాత్రం హాని చేయవు. తెలంగాణలో తరతరాలుగా తాగుతున్న తాటికల్లు, ఈతకల్లులతో పోల్చి చూస్తే దీని ప్రాముఖ్యం అర్థమవుతుంది. చెట్టు నుంచి దించిన కల్లులో ఈస్ట్‌తో పాటు జైమోమోనాస్, లాక్టోబాసిల్లస్ వంటి బ్యాక్టీరియా కూడా అడ్డూ ఆపూ లేకుండా పెరుగుతాయి కాబట్టి, పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి పులుపెక్కుతుంది, మర్నాటికి తాగడానికి పనికిరాదు. కల్లు దించిన ఊళ్ళోనే అమ్ముడైపోవలసి వస్తే, హాప్స్ వేసిన బీరు సముద్రాలు దాటగలిగింది.

ఇండియా పేల్ ఏల్ కథ అక్కడే మొదలవుతుంది, అక్కడే కట్టుకథ కూడా పుట్టింది. ఇంగ్లండు నుంచి ఆఫ్రికా చుట్టి వచ్చే నెలల తరబడి ప్రయాణంలో బీరు చెడిపోకుండా ఉండాలని లండన్‌లోని బో బ్రూవరీకి చెందిన జార్జ్ హాడ్సన్ ప్రత్యేకంగా హాప్స్ ఎక్కువ వేసి కొత్త బీరును కనిపెట్టాడని చాలా పుస్తకాలు రాశాయి. మార్టిన్ కార్నెల్ వంటి బీరు చరిత్రకారులు దీన్ని ఖండించారు. అదే ఓడల్లో నల్లని పోర్టర్ బీరు కూడా భారతదేశానికి చెడకుండా వచ్చేది, హాడ్సన్ కాచినది అప్పటికే ఇంగ్లండులో ఉన్న రకమే. అతనికి కలిసి వచ్చింది అతని బ్రూవరీ ఈస్టిండియా కంపెనీ ఓడల రేవుకు దగ్గరగా ఉండటం, ఓడల కెప్టెన్లకు అతను అరువు ఇవ్వడం. 1822 ప్రాంతంలో కంపెనీకి చెందిన క్యాంప్‌బెల్ మార్జరీబ్యాంక్స్ ప్రోద్బలంతో ఇంగ్లండులోని బర్టన్ పట్టణానికి చెందిన ఆల్సాప్ బ్రూవరీ ఈ వ్యాపారంలోకి దిగాక హాడ్సన్ ఆధిపత్యం సడలింది. 1806 నుంచీ సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఉన్నటువంటి దక్కను దండులు ఈ వ్యాపారానికి గిరాకీ ప్రాంతాలు. అయితే మామూలు బ్రిటిష్ సైనికుడు ఎక్కువగా పోర్టర్ తాగేవాడు, పేల్ ఏల్ అధికారుల బల్లల మీదికి వెళ్ళేది.

నేటి వివాదానికి పనికివచ్చే అసలు విషయం మరొకటుంది. ఆ కాలంలో భారతదేశానికి పంపే పీపాల్లో, కాచి పులియబెట్టిన తరువాత, బిగించే ముందు పొడి హాప్స్ మళ్ళీ వేసేవారు. చల్లని బీరులో హాప్స్ నానబెట్టే ఈ పద్ధతినే ఇప్పుడు డ్రై హాపింగ్ అంటున్నారు. అంటే వాసన కోసం చల్లగా హాప్స్ వేయడం అమెరికాలోని కొత్త తరం బ్రూవరీల ఆవిష్కరణ కాదు. మరోవైపు, నెలల ప్రయాణంలో పీపాలోని చేదు మెత్తబడేది, తాజా వాసన తగ్గిపోయేది కాబట్టి, మద్రాసు రేవులో దిగిన ఆ పానీయం నేడు పదునైన చేదే అసలైన లక్షణమని పట్టుబట్టేవారికీ, పండ్ల వాసనే ప్రధానమనేవారికీ ఇద్దరికీ పరాయిగానే తోచేది. చరిత్రను సాక్ష్యానికి పిలిచి ఏ పక్షమూ గెలవలేదు.

ఆధునిక శైలి అమెరికాలో రూపుకట్టింది. 1972లో విడుదలైన కాస్కేడ్ అనే హాప్స్ రకం పంపరపనస వాసననిచ్చేది; 1980లో మొదలైన సియెర్రా నెవాడా పేల్ ఏల్ దాన్ని జనంలోకి తెచ్చింది. పశ్చిమ తీరంలో తేటగా, తీపి మిగలకుండా పొడిగా, చేదుగా ఉండే ఇండియా పేల్ ఏల్ పెరిగింది. తరువాత ఈశాన్యాన వెర్మాంట్ రాష్ట్రంలోని ది ఆల్కెమిస్ట్ బ్రూవరీ హెడీ టాపర్ అనే బీరుతో మసక రకానికి దారి వేసింది. 2018లో అమెరికా బ్రూవర్ల సంఘం దాన్ని వేరే శైలిగా గుర్తించింది. మసక రకంలో మరిగేటప్పుడు వేసే హాప్స్ చాలా కొంచెం. అధికభాగం మంట ఆపాకనో, ఈస్ట్ పని చేస్తున్నప్పుడో, పులియడం ముగిశాకనో పడుతుంది. ఓట్స్, గోధుమల మాంసకృత్తులు హాప్స్‌లోని పాలీఫెనాళ్ళతో కలిసి మసకను నిలుపుతాయి. గంధకం ఉన్న థయాళ్ళనే పదార్థాలు అత్యల్ప పరిమాణంలో ఉన్నా జామ, మామిడి, బత్తాయి వంటి వాసనలనిస్తాయి, ఈస్ట్ కూడా జెరానియోల్ వంటి తైలపదార్థాలను కొత్త సువాసనలుగా మారుస్తుంది. కనుక రెండు బీర్లలోనూ హాప్స్ బరువు సమానంగా ఉండవచ్చు, మసకదానిలో ఎక్కువగా కూడా ఉండవచ్చు. తేడా వేసిన వేళలోనే ఉంది.

ఈ తేడాను సంఖ్యతో పట్టుకోవాలన్న ప్రయత్నమే ఐబీయూ, అంటే అంతర్జాతీయ చేదు ప్రమాణం. బీరును ఆమ్లీకరించి, ఐసో-ఆక్టేన్ అనే ద్రావణిలోకి చేదు పదార్థాలను లాగి, 275 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని అది ఎంత పీల్చుకుంటుందో కొలిచి, ఆ విలువను 50తో గుణిస్తే ఐబీయూ వస్తుంది. స్థూలంగా లీటరుకు ఒక మిల్లీగ్రాము ఐసో-ఆల్ఫా ఆమ్లం ఒక ప్రమాణం. బీరు పోటీల న్యాయనిర్ణేతలు వాడే బీజేసీపీ 2021 మార్గదర్శకాల్లో అమెరికన్ లాగర్‌కు 8-18, అమెరికన్ ఇండియా పేల్ ఏల్‌కు 40-70, మసక రకానికి 25-60 అని ఉంది. చివరి రెండు పరిధులు చాలా దూరం ఒకదానిపై ఒకటి పడటమే ఈ సంఖ్యతో శైలిని నిర్ణయించలేమనడానికి రుజువు. డ్రై హాపింగ్‌లో కరిగే హ్యూములినోన్లనే పదార్థాలు ఐసో-ఆల్ఫా ఆమ్లాల చేదులో సుమారు మూడింట రెండు వంతులే ఇస్తాయి, యంత్రం మాత్రం వాటినీ పట్టుకుని లెక్కిస్తుంది. పైగా కాకరకాయ కూరలో బెల్లం వేస్తే కాకర చేదు ఎక్కడికీ పోకపోయినా నాలుకకు తగ్గినట్టే, మాల్ట్ తీపి మిగిలిన బీరులో 60 ఐబీయూ కూడా మెత్తగా తోచవచ్చు, పొడిగా పులిసిన బీరులో 40 కూడా గట్టిగా తగలవచ్చు. హైదరాబాద్ మెనూ పలకల మీద ఐబీయూ అంకెను గొప్పగా రాయడం కంటే హాప్స్ ఎప్పుడు పడ్డాయో ఒక్క వాక్యంలో రాయడం తాగేవారికి ఎక్కువ మేలు. మసక రకాన్ని హాప్స్ ప్రధానమైన ఏల్‌గా ఒప్పుకోవడంలో ఇబ్బంది లేదు. చేదునే కోరి ఇండియా పేల్ ఏల్ అడిగినవారికి ముందుగా చెప్పకుండా దాన్ని ఇవ్వడం మాత్రం న్యాయం కాదు.

నీటి ప్రభావమూ చిన్నది కాదు. బర్టన్ బావుల నీటిలో జిప్సం, అంటే కాల్షియం సల్ఫేటు దండిగా ఉండటం అక్కడి పేల్ ఏల్‌కు పొడిబారిన, తేటతెల్లమైన చేదునిచ్చింది. సల్ఫేటుకు బదులు క్లోరైడు పాలు పెరిగితే బీరు నోటిలో నిండుగా, మెత్తగా ఉంటుంది. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళ మీదా బోర్ల మీదా బతుకుతున్న హైదరాబాద్‌లో నీటి గుణం చోటును బట్టి మారుతుంది కనుక, లవణాలను వడగట్టి తీసేసి, కావలసినవి తూచి కలుపుకోవడం బ్రూవర్లకు మేలైన దారి. హాప్స్ మాత్రం ఇక్కడ పండేవి కావు. ఆ తీగకు చలికాలపు నిద్రా, వేసవిలో దీర్ఘమైన పగళ్ళూ కావాలి. 17 డిగ్రీల అక్షాంశం దగ్గర అత్యంత దీర్ఘమైన పగలు కూడా 13 గంటల పైచిలుకే. దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయ వంటి చోట్ల కొంత సాగవుతుంది, మిగిలింది దిగుమతే.

రుచి చూసే పద్ధతి విషయంలో అబిడ్స్ అలవాటు హాప్స్ బీరుకు సరిపడదు. మంచులా చల్లబరిచిన గ్లాసులో తైలాలు పైకి లేవవు, నాలుక మీది గ్రాహకాల చురుకూ తగ్గుతుంది. లాగర్‌లో దాచవలసిన లోపాలకు అది తెర, ఇక్కడ మాత్రం నష్టం. సుమారు 7 నుంచి 12 డిగ్రీల మధ్య, మూతి కొంచెం ముడుచుకున్న గ్లాసులో పోసి, మింగిన తరువాత ముక్కుతో గాలి వదిలితే గొంతు వెనక నుంచి ముక్కుకు చేరే వాసన తెలుస్తుంది. సాధారణంగా రుచి అనుకునేదానిలో పెద్దభాగం అదే. చేదు నాలుక వెనక ఎంతసేపు నిలిచిందో, వగరుగా నోరు పిడచకట్టుకుపోయిందో లేదో విడిగా గమనించాలి. వగరు పాలీఫెనాళ్ళ వల్ల వచ్చేది, దాన్ని చేదు లెక్కలో వేయకూడదు. ఎండలో కూర్చుంటే ఇవేవీ నిలవవు. వెలుతురు బీరులోని రైబోఫ్లేవిన్ సాయంతో ఐసో-ఆల్ఫా ఆమ్లాలను విరిచి, దుర్గంధమున్న థయాళ్ళను నిమిషాల్లో పుట్టిస్తుంది, గోధుమరంగు సీసా వాడుక అందుకే. వేడిలో నిలవ ఉంటే పండ్ల వాసన ముందుగా పోయి, అట్టపెట్టె వాసన మిగులుతుంది.

బీరు ఏ శైలిదైనా అందులోనిది ఆల్కహాలే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యపానీయాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది, హాప్స్‌లోని ఏ గుణమూ ఆ హానిని తగ్గించదు. తెలంగాణలో 21 ఏళ్ళు నిండనివారికి అమ్మడం నేరం.

హైదరాబాద్‌లో ఈ బీరును ఉత్తగా తాగేవారు తక్కువ, పక్కన మిర్చి బజ్జీయో చికెన్ 65ఓ ఉంటుంది. మిరప ఘాటును గుర్తించే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని ఆల్కహాలు మరింత సున్నితం చేస్తుంది, మామూలుగా 42 డిగ్రీల దగ్గర వేడికి స్పందించే ఆ గ్రాహకం ఆల్కహాలు సమక్షంలో శరీర ఉష్ణోగ్రతకే స్పందించేలా మారుతుంది. అందుకే 7 శాతం ఆల్కహాలు, 70 ఐబీయూ చేదు ఉన్న పశ్చిమతీరపు రకం మిరపమంటకు ఆజ్యం పోస్తుంది. 5 శాతానికి లోపు ఆల్కహాలుతో, క్లోరైడు ఎక్కువున్న నీటితో, హాప్స్ అంతా చల్లగా వేసిన మసక ఏల్ అయితే ఆ బజ్జీ పక్కన నిలబడగలదు. ఆబ్కారీ లెక్కలో అది కూడా లైట్ బీరే అవుతుంది.