తీగ నుంచి స్పీకరు దాకా: ఎలక్ట్రిక్ గిటారు నాదం ఎక్కడ మారుతుంది?

వీణలో తీగ కదలికను కుండ అందుకొని గాలిలోకి పంపితే, ఎలక్ట్రిక్ గిటార్లలో ఎక్కువ వాటికి అటువంటి గుల్ల భాగమే ఉండదు; గట్టి చెక్క దిమ్మకు బిగించిన తీగలు విడిగా మీటితే పక్క గదికి కూడా వినిపించవు. వినేవారి చెవికి చేరేది స్పీకరు పుట్టించే ధ్వని, తీగకూ ఆ స్పీకరుకూ నడుమ ఉన్నది ఒక విద్యుత్ వలయం. అందువల్ల గిటారు అనుకున్నట్టు పలకనప్పుడు చెక్కను, తయారీదారును నిందించడం కన్నా ఆ వలయంలో ఒక్కొక్క భాగాన్నే మార్చి చూడటం తెలివైన పని. రెండింటిని ఒకేసారి మారిస్తే దోషం ఎక్కడుందో తేలదు.

మొదటి మజిలీ పికప్. అయస్కాంతం చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన ఈ పరికరం, 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రం మీదనే పనిచేస్తుంది: ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం చలించి, రాగి చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. మామూలు గిటారుకు వాడే కంచు తీగలను దీనికి బిగిస్తే నాదం బలహీనపడటానికీ, నైలాన్ తీగలు బొత్తిగా పలకకపోవడానికీ కారణం ఇదే. పికప్ తీగలకు మరీ దగ్గరగా ఉన్నా చిక్కే. అయస్కాంతం లావు తీగలను తనవైపు లాగి, ఒకే స్వరంలో రెండు శ్రుతులు పోట్లాడుతున్నట్టు వినిపింపజేస్తుంది, వాయించేవారేమో బిరడాలు తిప్పుతూ కూర్చుంటారు. తీగను చివరి మెట్టు దగ్గర నొక్కిపట్టి, పికప్‌కూ తీగకూ మధ్య సుమారు 2 మిల్లీమీటర్ల ఎడంతో మొదలుపెట్టి, ఆపైన చెవితో సరిచేసుకోవచ్చు.

మొద్దుబారిన ధ్వని మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఎవరూ అనుమానించని కేబుల్. కేబుల్ లోపలి తీగా దాని చుట్టూ ఉన్న లోహపు తొడుగూ కలిసి ఒక కెపాసిటర్‌లా, అంటే విద్యుదావేశాన్ని పట్టి ఉంచే పరికరంలా ప్రవర్తిస్తాయి. మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల చొప్పున పెరిగే ఈ గుణం పికప్ చుట్టతో కలిసి ఒక అనునాదాన్ని ఏర్పరుస్తుంది, అంటే ఒకానొక పౌనఃపున్యం దగ్గర నాదం ఉబ్బి, దానికి పైనున్న అతిస్వరాలు వేగంగా అణగిపోతాయి. 2.5 హెన్రీల చుట్ట గల పికప్‌కు లెక్క వేస్తే, 3 మీటర్ల కేబుల్‌తో 5000 హెర్ట్జ్ ప్రాంతంలో ఉండే ఆ ఉబ్బు, 9 మీటర్ల కేబుల్‌తో 3000 దరిదాపులకు దిగివస్తుంది. అదే గిటారు, అదే చేయి, పోయినదల్లా మెరుపు. వాల్యూమ్ మీటను కొంచెం తగ్గించగానే ధ్వని మందగించడం కూడా ఈ కోవలోదే, ఎందుకంటే మీటలోని నిరోధం కేబుల్ కెపాసిటెన్స్‌తో కలిసి పై స్వరాలను వడగడుతుంది. అందువల్ల నాదాన్ని మార్చే పెడళ్లన్నీ పక్కన పెట్టి, పొట్టి కేబుల్‌తో గిటారును నేరుగా ఆంప్లిఫయర్‌కు కలిపి, మీటలన్నీ పూర్తిగా తెరిచి వినడం మొదటి పరీక్ష కావాలి. కొత్త పికప్‌ల కొనుగోలు ఆ తరువాతి మాట. బ్యాటరీతో నడిచే పికప్ అయితే ముందుగా బ్యాటరీ మార్చాలి, ఎందుకంటే కేబుల్ గుచ్చి వదిలేసినంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది.

విడివిడిగా బాగానే పలికే రెండు పికప్‌లు కలిపినప్పుడు పల్చబడితే, ఒకదాని విద్యుత్తు పైకి పోయేటప్పుడు రెండోదానిది కిందికి పోతున్నదని, అంటే వాటి దశలు ఎదురెదురుగా ఉన్నాయని అర్థం. వైర్లు మార్చి కలిపితే సరిపోతుంది. సరిచేయాలా అన్నది మాత్రం వేరే ప్రశ్న. ఫ్లీట్‌వుడ్ మాక్ బృందాన్ని స్థాపించినవారిలో ఒకరైన పీటర్ గ్రీన్ గిటారుకు అంత పేరు తెచ్చిన ముక్కుతో పలికినట్టుండే నాదం ఈ ‘దోషం’ చలవే.

ఒకే చుట్ట గల పికప్ ఇంటి కరెంటులోని 50 హెర్ట్జ్ హోరును కూడా పట్టుకుంటుంది. దానికి విరుగుడుగా గిబ్సన్ సంస్థలో సేథ్ లవర్ 1955లో రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి, హోరును హోరుతోనే రద్దుచేసే పికప్‌ను రూపొందించాడు. తీగలను తాకగానే హోరు తగ్గడం సహజమే కాని, తాకినప్పుడు చేతికి జలదరింపు తగిలితే అది ధ్వని సమస్య కాదు, ఎర్తింగ్ లోపం. వెంటనే ప్లగ్గు తీసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

చివరి మజిలీ స్పీకరు. గిటారుకు వాడే 12 అంగుళాల స్పీకరు సుమారు 5000 హెర్ట్జ్ దాటిన ధ్వనులను అంతగా వినిపించదు. నాదాన్ని బొంగురుగా మార్చే డిస్టార్షన్ పెడల్ పుట్టించే కరుకుదనాన్ని నునుపుచేసేది ఈ అశక్తతే. అదే పెడల్‌ను నేరుగా కంప్యూటరుకు కలిపి హెడ్‌ఫోన్లలో వింటే నూనెలో ఏదో వేగుతున్నట్టు చిటపటలాడుతుంది, కాబట్టి అక్కడ స్పీకరు పెట్టెను అనుకరించే సాఫ్ట్‌వేర్ తప్పనిసరి. పైగా చెవి తక్కువ ధ్వనిలో మంద్రస్వరాలను సరిగా పట్టుకోలేదని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు కొలతలతో చూపారు. రాత్రిపూట పడకగదిలో మెల్లగా సరిచేసుకున్న నాదం వేదిక మీద దద్దరిల్లుతూ బరువెక్కడం అందువల్లనే. రికార్డుల సంగతి మరీ విచిత్రం. బేస్ గిటారుకు, డ్రమ్ములకు చోటిచ్చేందుకు ఇంజనీర్లు గిటారులోని మంద్రభాగాన్ని తరచూ కత్తిరిస్తారు. పాటలో గోడలా నిలిచే ఆ గిటారును విడదీసి ఒంటరిగా వినిపిస్తే, దాన్ని తమ గదిలో తెచ్చుకోవాలని తంటాలు పడుతున్నవారికే అది పేలవంగా తోస్తుంది.