బుట్టలో పడిన బంతికి లెక్క

ఆదోని మార్కెట్టులో పత్తి కొనువారు బస్తాల బరువు చూచి తృప్తి చెందరు. నూరు కిలోల పత్తిని జిన్నింగు చేసినచో ఎంత దూది దిగునో అంచనా కట్టుదురు. సాధారణముగా దూది సుమారు మూడవ వంతు. మిగిలినది చాలవరకు గింజయే. ఎమ్మిగనూరు నేతగాడును వాడిన నూలుకు ఎంత గుడ్డ వచ్చినదో చూచుకొనును. కాని కళాశాల బాస్కెటుబాలు జట్టును ఎంపిక చేయునప్పుడు ఈ వివేకము తరచు మరుగున పడును. ఎక్కువ పాయింట్లు చేసినవాడే మేటి అనుకొనుట పరిపాటి. అతడు ఎన్ని బంతులు వ్యర్థము చేసెనో ఎవరు లెక్కింతురు?

ఆదోని ఆటగాడొకడు, ఎమ్మిగనూరు ఆటగాడొకడు ఒకే స్థానమునకు పోటీపడుచున్నారని ఊహింతము. ఒక ఆటలో మొదటివాడు 20, రెండవవాడు 16 పాయింట్లు చేసిరి. మొదటివాడు 22 షాట్లు వేయగా 7 పడినవి. వానిలో ఒకటి మూడు పాయింట్లది. ఫ్రీ త్రోలు ఐదింటికి ఐదును పడినవి. రెండవవాడు 10 షాట్లు వేయగా 6 పడినవి. వానిలో రెండు మూడు పాయింట్లవి. ఫ్రీ త్రోలు ఐదింటిలో రెండే పడినవి.

పడిన షాట్ల శాతము ఒక్కటే చాలదు. అంతర్జాతీయ నిబంధనలలో 1984లో మూడు పాయింట్ల గీత వచ్చినది. పది షాట్లలో దగ్గరనుండి ఐదు పడినచో 10 పాయింట్లు. గీత ఆవలనుండి నాలుగే పడినను 12 పాయింట్లు. కనుక ఒక్కొక్క ప్రయత్నమునకు ఎన్ని పాయింట్లు వచ్చినవో చూడవలెను.

ఫ్రీ త్రోలను లెక్కించు టెట్లు? అవి మామూలుగా రెండేసి లభించును గనుక ఒక్కొక్కటి అర ప్రయత్నము అనిపించును. కాని షాటు పడుచుండగా ఫౌలు జరిగినచో అదనముగా ఒక్కటే వచ్చును. అది కొత్త ప్రయత్నము కాదు. అందుచేత 0.5కు మారుగా 0.44 వాడుదురు. ఇది అమెరికా వృత్తి ఆటల లెక్కలనుండి తీసిన సగటు.

మొదటివాని ప్రయత్నములు: 22 + (0.44 × 5) = 24.2. ప్రయత్నమునకు 20 ÷ 24.2 = 0.83 పాయింటు.
రెండవవాని ప్రయత్నములు: 10 + 2.2 = 12.2. ప్రయత్నమునకు 16 ÷ 12.2 = 1.31 పాయింటు.

ఈ ఫలితమును రెండుచే భాగించి శాతముగా చెప్పినచో 41, 66 వచ్చును. దీనినే ‘ట్రూ షూటింగు’ శాతమందురు.

అయినను తొందరపడరాదు. నిజముగా నూటికి 40 వేయగలవాడు పది షాట్లు మాత్రమే వేసినచో ఆ శాతము యొక్క ప్రామాణిక దోషము సుమారు 15.5. నూరు షాట్లు వేసినచో అది 5కు తగ్గును. షాట్లు నూరు రెట్లయిన దోషము పదవ వంతగును. ఒక్క ఆట చూచి ఒక విద్యార్థిని తీసివేయుట న్యాయము కాదు. మరియు 24 సెకనుల గడువు ముగియవచ్చునప్పుడు కష్టమైన షాటు ఎవరో ఒకరు వేయక తప్పదు. ఆ భారము మోసినవాని శాతము సహజముగా తగ్గును.

ఉపాధ్యాయులు ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు చేతబట్టి ఆటస్థలము ప్రక్కన కూర్చుండిన చాలును. పడినవానితోపాటు పడనివానిని కూడ వ్రాయవలెను. పది ఆటల తరువాత ఆ పుటలే, చప్పట్లు దక్కని ఆటగాని పక్షమున సాక్ష్యము పలుకవచ్చును.