మీకు తెలుసా? ఏం కొనాలో తోచనప్పుడు గిఫ్ట్ కార్డు!

• పుస్తకం ఇద్దామంటే అవతలివారు ఇప్పటికే చదివేశారేమోనని సందేహం. దానికి విరుగుడుగా ‘బుక్ టోకెన్’ ఆలోచన చేసింది బ్రిటన్ ప్రచురణకర్త హెరాల్డ్ రేమండ్. 1932లో మొదలైన ఈ టోకెన్లను అక్కడ ఇప్పటికీ అమ్ముతున్నారు.

• క్రిస్మస్ కానుకల విలువలో పదో వంతు నుంచి మూడో వంతు దాకా వృథా అవుతోందని అమెరికా ఆర్థికవేత్త జోయెల్ వాల్డ్‌ఫోగెల్ 1993లో లెక్కగట్టారు. పెట్టిన ఖర్చుతో పోలిస్తే, పుచ్చుకున్నవారి దృష్టిలో వాటి విలువ అంత తక్కువన్నమాట. అభిరుచి తెలిసిన స్నేహితుల కానుకల్లో వృథా తక్కువ, దూరపు బంధువుల వాటిలో ఎక్కువ.

• అమెరికాలో 2009 నాటి చట్టం ప్రకారం గిఫ్ట్ కార్డులోని సొమ్ముకు కనీసం అయిదేళ్ల గడువు ఉండాలి.

• మన రిజర్వు బ్యాంకు 2021 నిబంధనల ప్రకారం బ్యాంకులు, వాలెట్ సంస్థలు ఇచ్చే గిఫ్ట్ కార్డు విలువ రూ.10,000 దాటకూడదు. కనీసం ఏడాది చెల్లాలి. అందులో మళ్లీ డబ్బు వేయడం, నగదుగా తీసుకోవడం కుదరదు.

• ఒక దుకాణం తన సరుకులకు మాత్రమే చెల్లేలా ఇచ్చే కార్డు ఈ నిబంధనల కిందికి రాదు. అందుకే కొనేముందే గడువు తేదీ, షరతులు చూసుకోవాలి.