కదిలే ఇంటిలో బట్టల కడ్డీ

కదలని ఇంటిలో గోడకు మేకు కొట్టడం ఒక పని. గోడతో సహా ఇల్లంతా ప్రయాణం చేస్తున్నప్పుడు ఆ మేకు ఊడకుండా చూడడం మరొక పని. మొదటిదానికి సుత్తి చాలును. రెండవదానికి సుత్తితోపాటు కొంత ఆలోచన కూడా కావలెను. ఆ ఆలోచన ఎటువంటిదో ఒక చిన్న వస్తువును ఆధారం చేసుకొని ఈ వ్యాసంలో వివరించదలచినాము. ఆ వస్తువు విహార వాహనంలోని అల్మారాలో బట్టలు తగిలించే కడ్డీ.

అమెరికాలో 'రిక్రియేషనల్ వెహికిల్' అని, క్లుప్తంగా 'ఆర్.వి.' అని పిలిచే వాహనంలో పడక, పొయ్యి, స్నానపు గది, బట్టల అల్మారా అన్నీ అమరి ఉంటాయి. 1910లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పియర్స్-ఆరో సంస్థ ప్రదర్శించిన 'టూరింగ్ లాండో' అనే మోటారు బండిని ఈ జాతికి పూర్వీకురాలుగా పేర్కొంటారు. 1930ల నాటికి వాలీ బయమ్ స్థాపించిన ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ కారు వెనుక తగిలించి లాగే అల్యూమినియపు ఇళ్లను తయారు చేసి ప్రసిద్ధి పొందినది. నేడు ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతం ఈ పరిశ్రమకు ప్రధాన కేంద్రం. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారిలో కొందరు సెలవులలో ఇటువంటి బండిని అద్దెకు తీసుకొని కుటుంబంతో దూర ప్రయాణాలు చేయడం కలదు.

మన పాఠకులకు ఈ వాహనం కొత్తదైనా దాని మరొక పేరు కొత్తది కాదు. బ్రిటనులో దీనిని 'కారవాన్' అంటారు. మన సినిమా చిత్రీకరణలలో నటీనటులు విశ్రమించే బండికి కూడా అదే పేరు. పారసీక భాషలో 'కార్వాన్' అంటే బాటసారుల బిడారు. ఉర్దూ కవులకు ఎంతో ప్రియమైన ఈ మాట హైదరాబాదులోని కార్వాన్ పేటలోనూ నిలిచి ఉన్నది. ఇంగ్లీషులోని 'వ్యాన్' కూడా దాని తోక ముక్కయే. అట్లే మన 'అల్మారా' పోర్చుగీసు భాష నుండి వచ్చినది. మాటలు ఎంత దూరం ప్రయాణించినా చెక్కుచెదరవు కాని, అల్మారాలోని కడ్డీకి ఆ అదృష్టం లేదు.

కడ్డీ ఎందుకు పడుతుంది?

ఉదయం బయలుదేరిన కుటుంబం మూడు వందల మైళ్లు నడచి సాయంకాలం ఒక మజిలీలో ఆగుతుంది. అల్మారా తలుపు తీయగానే బట్టలన్నీ కుప్పగా పడి ఉంటాయి. వాటిమీద కడ్డీ అడ్డంగా పడి ఉంటుంది. ఇంటి యజమాని ఊడిన మరమేకులను వెదకి, అవే రంధ్రాలలో మరల బిగిస్తాడు. మరునాటి మజిలీలో అదే దృశ్యం. ఈసారి మరికొంత లావైన మరమేకులు వేస్తాడు. అవి ఇంకొక వారం నిలుస్తాయి. చివరకు "ఈ కడ్డీ పనికిరాదు, ఇనుపది గట్టిది తెచ్చి వేయవలెను" అని నిశ్చయిస్తాడు. తప్పు ఇక్కడే జరుగుతున్నది. నేరం చేసినది ఒకరు, శిక్ష పడినది మరొకరికి.

ఇది ఊహ కాదని ఒక చిన్న లెక్క చెబుతుంది. కడ్డీ పొడవు 120 సెంటీమీటర్లు అనుకుందాము. అది 25 మిల్లీమీటర్ల వ్యాసం, ఒక మిల్లీమీటరు మందం గల ఉక్కు గొట్టం. హ్యాంగరుతో సహా ఒక్కొక్కటి సుమారు అర కిలో తూగే నలభై వస్త్రాలను వరుసగా తగిలిస్తే బరువు 20 కిలోలు. డిగ్రీ తరగతులలో చదివే దూలపు సూత్రం ప్రకారం కడ్డీ మధ్యలో కలిగే వంపు సుమారు 4 మిల్లీమీటర్లు. దానిలో కలిగే గరిష్ఠ ప్రతిబలం చదరపు మిల్లీమీటరుకు 70 న్యూటన్ల లోపు. సాధారణపు మెత్తని ఉక్కు 250 న్యూటన్ల వరకు శాశ్వతంగా వంగిపోకుండా భరించగలదు. కాబట్టి కడ్డీకి కావలసినదానికి మూడు రెట్లకు పైగా బలం ఉన్నది.

ఇక ఆ కడ్డీ కొనలను పట్టుకొని ఉన్నదేమిటో చూడవలెను. విహార వాహనాన్ని తేలికగా ఉంచవలెను గనుక దాని గోడ ఇటుకతో కాని, దళసరి చెక్కతో కాని కట్టరు. సన్నని కర్ర చట్రం, దాని నడుమ నురుగు వంటి ఉష్ణ నిరోధక పదార్థం, లోపలివైపు సుమారు 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రేకు, వెలుపల అల్యూమినియం లేదా ఫైబర్‌గ్లాసు తొడుగు, ఇంతే గోడ. కడ్డీ కొనను పట్టే గిన్నె వంటి బ్రాకెట్టును చట్రపు కర్రకు కాక ఆ పలుచని రేకుకే బిగించినప్పుడు మరమేకు చుట్లలో రెండో మూడో మాత్రమే చెక్కను కరచి ఉంటాయి.

ఆగి ఉన్న బండిలో ఆ పట్టు ఎట్లో సరిపోతుంది. బండి నడిచేటప్పుడు లెక్క మారుతుంది. రోడ్డుమీది గుంటలో చక్రం పడి లేచినప్పుడు బండి నేల పైకి ఎగురుతుంది. బట్టలు జడత్వం వలన ఉన్నచోటనే ఉండజూస్తాయి. ఆ క్షణంలో పైకి కలిగే త్వరణం గురుత్వ త్వరణంతో సమానమైతే 20 కిలోల బరువు 40 కిలోలుగా పనిచేస్తుంది. బ్రేకు వేసినప్పుడు బట్టలన్నీ ఒక్కసారిగా ముందుకు ఊగుతాయి. మలుపులో బండి చట్రం కొద్దిగా మెలి తిరిగి, రెండు గోడల మధ్య దూరం వెంట్రుకవాసి మారుతుంది. పైభాగం తెరచి ఉన్న బ్రాకెట్టులో నుండి కడ్డీ ఎగిరిపోవడానికి ఆ మాత్రం చాలును. ఇట్లు ఒక రోజులో వేలసార్లు కదిలిన మరమేకు తన రంధ్రాన్ని తానే తొలుచుకుంటుంది.

కావున ఓడిపోయినది కడ్డీ కాదు, కడ్డీకీ గోడకూ మధ్యనున్న అతుకు. బరువును మోసేది ఏది అని కాక, ఆ బరువు ఏ దారిన నేలకు చేరుతున్నది అని అడగవలెను. బాగుచేత అంతా ఈ ప్రశ్నకు సమాధానమే.

బాగుచేసే విధానం

మొదట బట్టలన్నీ తీసి, కడ్డీని దించి, పాత రంధ్రాలను పరీక్షించవలెను. రంధ్రం క్రిందివైపు సాగి ఉంటే బరువు దానిని నలిపినదని అర్థం. రేకు పైకి లేచి చీలి ఉంటే మరమేకును ఎవరో గోడనుండి లాగినట్లు బలం పనిచేసినదని అర్థం. కడ్డీయే వంగి ఉంటే మాత్రమే దానిని మార్చవలెను. ఒకదానిలో ఒకటి దూరి పొడవు మారే రకమైతే రెండు గొట్టాలు కలిసేచోట బలహీనత ఉంటుంది. దాని బదులు ఏకఖండపు గొట్టం వేయడం మంచిది.

రెండవది, గోడలోని చట్రపు కర్రను కనుగొనడం. వ్రేలితో తట్టుతూ పోతే బోలు ధ్వని గట్టి ధ్వనిగా మారినచోట కర్ర ఉంటుంది. ఒక చిన్న అయస్కాంతాన్ని గోడమీద జరిపితే రేకును కర్రకు బిగించిన ఇనుప మేకుల వద్ద అది అంటుకుంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఆ గోడలో విద్యుత్ తీగలు, నీటి గొట్టాలు, కొన్నిచోట్ల ప్రొపేన్ వాయువు గొట్టం కూడా ఉండవచ్చును. విద్యుత్తును పూర్తిగా ఆపి, గొట్టాల దారి తెలిసికొని గాని రంధ్రం చేయరాదు. మరమేకు పొడవును ముందుగా కొలిచి చూచుకొనవలెను. పొడవైన మరమేకు వెలుపలి తొడుగును పొడిచినదంటే ఆ సూదిబెజ్జం గుండా వాననీరు లోపలికి చేరి, కొన్ని నెలలలో చట్రాన్నే కుళ్లబెడుతుంది. బట్టలు కిందపడిన నష్టం ఒక పూట శ్రమ. ఈ నష్టం బండినే తినివేస్తుంది.

మూడవది, ముఖ్యమైనది, దన్ను పలక. 12 నుండి 18 మిల్లీమీటర్ల మందం గల ప్లైవుడ్ పలకను కడ్డీ ఎత్తునుండి అల్మారా నేలవరకు దిగేటట్లు కోసి, జిగురు పూసి, పక్కగోడకు ఆనించి, చట్రపు కర్రలోనికి మరమేకులతో బిగించవలెను. ముందుగా మరమేకు కంటె సన్నని రంధ్రం తొలిస్తే చెక్క పగలదు. బ్రాకెట్టును ఈ పలకకే బిగిస్తే బరువు పలక గుండా నేరుగా నేలకు దిగుతుంది. మరమేకుల పని పలకను గోడకు ఆనించి ఉంచడం మాత్రమే. గుంజమీద దూలాన్ని నిలిపిన మన పల్లెటూరి పాక సూత్రం కూడా ఇదే. జిగురు పూర్తిగా ఆరడానికి ఒక రోజు వదలవలెను.

నాలుగవది, కడ్డీ ఎగిరిపోకుండా కాపాడుకోవడం. చుట్టూ మూసిన బ్రాకెట్టు అయితే సరి. పైన తెరచినదైతే కడ్డీ మీదుగా అడ్డంగా ఒక పిన్ను కాని, చిన్న లోహపు పట్టీ కాని బిగించవలెను. కొనల వద్ద కొద్దిపాటి రబ్బరు పెడితే గలగల శబ్దం తగ్గి, రాపిడి కూడా తగ్గుతుంది.

నడిమి ఆధారం

కడ్డీ మీటరు కంటె పొడవైనదైతే మధ్యలో మరొక ఆధారం ఇవ్వడం ఉత్తమం. దాని ఫలితం ఆశ్చర్యకరం. బరువు సమంగా పరచి ఉన్నప్పుడు పొడవు సగమైతే వంపు పదహారవ వంతుకు, లోపలి ప్రతిబలం నాల్గవ వంతుకు తగ్గుతాయి. అయితే చాలామంది మరచే విషయం ఒకటి ఉన్నది. మూడు ఆధారాలున్నవి గనుక ఒక్కొక్కటి మూడవ వంతు మోస్తుందని అనుకోవడం పొరపాటు. ఏకఖండపు కడ్డీ అయితే నడిమి ఆధారం ఒక్కటే మొత్తం బరువులో 5/8 వంతు మోస్తుంది. కొనలకు చెరి 3/16 వంతు మిగులుతుంది. అంటే 20 కిలోలలో పన్నెండున్నర కిలోలు నడుమనే పడతాయి. దీనిని పలుచని పైకప్పు రేకుకు వ్రేలాడదీసినవాడు కడ్డీతోపాటు కప్పును కూడా పాడుచేసుకుంటాడు.

అందుచేత నడిమి బ్రాకెట్టును వెనుక గోడకు నేలవరకు నిలిపిన మరొక పలకకు బిగించవలెను. వెనుక గోడనుండి కడ్డీ 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదనుకుందాము. బ్రాకెట్టు నిలువు కాలు 15 సెంటీమీటర్లైతే పై మరమేకును గోడనుండి లాగే బలం 25 కిలోలు. 30 సెంటీమీటర్లైతే పన్నెండున్నర కిలోలే. కాలు రెట్టింపైతే లాగుడు సగమగును. తులాదండ సూత్రం ఇక్కడ ఒక మరమేకు ప్రాణం కాపాడుతున్నది.

కొందరు ఉక్కు గొట్టంలో గట్టిగా పట్టే కర్రను దూరుస్తారు. గొట్టం నొక్కుకుపోకుండా ఇది కాపాడుతుంది కాని, ఉక్కు యంగ్ గుణకం కర్ర కంటె సుమారు ఇరవై రెట్లు అధికం గనుక వంపు నిరోధంలో పెరిగేది ఎనిమిదవ వంతు మాత్రమే. అల్యూమినియపు గొట్టమైతే అదే కొలతలో ఉక్కుకు దాదాపు మూడు రెట్లు వంగుతుంది. ఈ రెండు ఉపాయాలూ నడిమి ఆధారానికి సాటి రావు.

పరీక్ష

పని ముగియగానే బట్టలు తగిలించరాదు. కడ్డీ ఎత్తును గోడమీద పెన్సిలుతో గుర్తించి, ఇరవై లీటర్ల నీటి డబ్బాలు రెండింటిని నడిమి ఆధారానికి చెరొక ప్రక్క త్రాళ్లతో కట్టవలెను. లీటరు నీరు ఒక కిలో గనుక ఇది రెట్టింపు బరువు. డబ్బాలు నేలకు రెండు వ్రేళ్ల ఎత్తులో ఉంటే తెగిపడినా హాని లేదు. ఒక రాత్రి ఉంచి, ఉదయం గుర్తును చూడవలెను. కడ్డీ దిగకపోతే బట్టలు తగిలించి, గతుకుల దారిలో కొద్దిదూరం నడిపి, మరమేకులను మరల బిగించి చూడవలెను. ఆపైన బరువైన కోట్లను, షేర్వానీలను కొనల దగ్గర, తేలికైనవాటిని నడుమ తగిలించి, ప్రయాణంలో అన్నింటినీ ఒక పట్టీతో కట్టివేయడం యజమాని వంతు.

విద్యార్థులకు

ఈ లెక్కలలో మా సొంతమైనది ఏదీ లేదు. అన్నీ పాఠ్యపుస్తకాలలోనివే. తులాదండం, జడత్వం, యంగ్ గుణకం, దూలపు వంపు అనే పాఠాలను పరీక్షకు వ్రాసి మార్కులు తెచ్చుకొనే మన విద్యార్థులు, వసతిగృహంలో ఒక అర ఊడితే వడ్రంగి వచ్చేదాకా బట్టలు మంచంమీదనే ఉంచుతారు. వడ్రంగి సూత్రం చదవకపోయినా బరువు దారిని చేతితో తెలిసినవాడు. మనము సూత్రం తెలిసినవారము. ఈ రెండు జ్ఞానాలు ఒకే మనిషిలో కలిసిననాడు చదువుకు ప్రయోజనం కలుగుతుంది. కళాశాల సంఘంవారు సెలవులలో ఒక చిన్న పనిశాల ఏర్పాటు చేసి, ఒక వడ్రంగిని గురువుగా పిలిస్తే ఇందుకు నాంది కాగలదు. మొదటి పాఠానికి ఒక కడ్డీ, రెండు పలకలు, రెండు నీటి డబ్బాలు చాలును.