విదేశములకు పోవువారు - ప్రీపెయిడ్ ఫోను ఏర్పాట్లు

బడంగ్‌పేట ప్రాంతమునకు శంషాబాదు విమానాశ్రయము కొద్ది మైళ్ళ దూరముననే యున్నది. 2008వ సంవత్సరమున ఆ విమానాశ్రయము ప్రారంభమగుటకు చాల పూర్వమే ఈ ప్రాంతమునకు అరబ్బు దేశములతో సంబంధము కలదు. నిజాము కాలమున సైనికోద్యోగములకై వచ్చిన అరబ్బుల సంతతివారు బాలాపురమునకు దగ్గరనున్న బార్కస్‌లో నేటికిని నివసించుచున్నారు. 1970 తరువాత చమురు దేశములలో పనులు పెరుగగా కరీంనగరము, నిజామాబాదు జిల్లాలనుండి పనివారు వేల సంఖ్యలో తరలిపోయిరి. కడప, గోదావరి జిల్లాల స్త్రీలు ఇంటిపనులకై కువైటునకు పోవుచున్నారు. చదువులకై అమెరికా, ఇంగ్లండులకు పోవు యువకుల సంఖ్యయు స్వల్పము కాదు.

పూర్వము వీరి క్షేమసమాచారములు ఉత్తరములలోను, మాటలు నింపి పంపిన క్యాసెట్లలోను వచ్చుచుండెడివి. ఇప్పుడు ప్రతివాని చేతను ఫోనున్నది. ఆ కారణముననే కాబోలు, ప్రయాణమునకు ముందు దానిని గూర్చి ఆలోచించువారు తక్కువ. పెట్టెలో పచ్చళ్ళు సర్దుటయందు చూపు శ్రద్ధలో నాలుగవ వంతు ఫోను నెంబరుపై చూపినను ఎన్నో చిక్కులు తప్పును.

నేడు ఫోను నెంబరు మాటలాడుటకు మాత్రమే కాదు. బ్యాంకు ఖాతా, ఆధారు, వంటగ్యాసు మొదలగునవన్నియు దానితో ముడివడియున్నవి. ఖాతానుండి సొమ్ము కదలవలెనన్నచో బ్యాంకువారు పంపు రహస్య సంఖ్య, అనగా ఓ.టి.పి., ఆ నెంబరునకే వచ్చును. దుబాయిలో సంపాదించిన సొమ్మును ఇంటి ఖాతాకు పంపి, అక్కడనుండియే చీటీపాటకో, బాకీకో చెల్లింపదలచిన మనిషికి ఆ సంఖ్య అందకున్నచో సొమ్ము ఉండియు లేనట్లే యగును.

ఊరి నెంబరును ఆరు నెలలు పట్టించుకొననిచో ఏమగునో సభ్యులు గ్రహింపవలెను. ప్రీపెయిడ్ పద్ధతిలో రీఛార్జి గడువు ముగియగానే మొదట మనము చేయు పిలుపులు, పిదప మనకు వచ్చు పిలుపులు, సందేశములు ఆగిపోవును. టెలికాం నియంత్రణ సంస్థ 2013లో చేసిన నియమము ననుసరించి, వరుసగా 90 దినములు ఏ వాడుకయు లేని ప్రీపెయిడ్ నెంబరును కంపెనీ తొలగింపవచ్చును. అయితే నిలువలో 20 రూపాయలైనను ఉన్నయెడల, ఆ సొమ్ము తీసికొని మరి 30 దినములు నెంబరును నిలుపవలెను. తొలగించిన నెంబరును కనీసము మరి 90 దినముల వరకు ఇతరులకు ఈయరాదు. ఆ పిమ్మట ఈయవచ్చును. అనగా రెండేండ్లకు తిరిగివచ్చిన మనిషి నెంబరు ఏ ఊరివానిదో కావచ్చును. బ్యాంకులో దానిని మార్పింపనిచో అతని ఖాతాకు సంబంధించిన సందేశములు ఆ అపరిచితునికే పోవుచుండును. ఇందులో ఆ క్రొత్తవాని తప్పేమియు లేదు.

దీనికి మార్గము సులభమే. 2024 డిసెంబరులో చేసిన సవరణ ప్రకారము ఇంటర్నెట్టు లేకుండ పిలుపులకును సందేశములకును మాత్రమే పనికివచ్చు రీఛార్జిలను కంపెనీలు అమ్మవలెను. వాని గడువు 365 దినముల వరకు ఉండవచ్చును. ప్రయాణమునకు ముందు అట్టి దానిని వేయించుకొనుట మేలు. గడువు తేదీని ఇంటిలోని గోడ కేలండరుపై గుర్తించియుంచినచో, తరువాతి రీఛార్జిని భార్యయో, తమ్ముడో ఊరినుండియే చేయింపవచ్చును.

నెంబరు సజీవముగా నున్నంత మాత్రమున పరదేశములో అది పనిచేయదు. మన కంపెనీ సిమ్ము అచ్చటి కంపెనీ టవరుపై ఆధారపడి పనిచేయుటను రోమింగు అందురు. మన పశువు పొరుగూరి బీడులో మేసినచో పుల్లరి చెల్లింపవలసినట్లే దీనికిని రుసుము కలదు. ఈ సౌకర్యమును స్వదేశములో నుండగనే తెరపించుకొనవలెను. విమానము దిగిన తరువాత సిమ్ము పనిచేయనిచో కంపెనీకి ఫోను చేయుటయు సాధ్యము కాదు గదా! రోమింగు రీఛార్జి వేరు, మామూలు రీఛార్జి వేరు. మామూలు గడువు ముగిసినచో రోమింగు కూడ ఆగిపోవుట కలదు. ఏ దేశమునకు, ఎన్ని దినములకు, ఎన్ని నిమిషములకు అను మూడు ప్రశ్నలును అంగడివానిని అడిగియే సొమ్ము చెల్లింపవలెను.

రోమింగు పథకము తీసికొననివారు పరదేశములో ఊరి సిమ్ముకు వచ్చిన పిలుపును ఎత్తినను రుసుము పడును. సందేశములు అందుకొనుటకు మాత్రము చాల కంపెనీలు ఏమియు గైకొనవు. ఇంటర్నెట్టు విషయమున మరింత జాగ్రత్త అవసరము. ఫోనులో డేటా రోమింగు అను మీటను విమానమెక్కుటకు ముందే ఆపివేయవలెను. లేనిచో మనము ముట్టుకొనకున్నను ఫోను తనంత తానే ఇంటర్నెట్టు వాడి నిలువను హరించివేయును.

నెలల తరబడి ఉండువారికి రోమింగు భారమగును. అచ్చటి సిమ్ము తీసికొనుటయే తగినది. రెండు సిమ్ముల ఫోనులో ఊరి సిమ్మును ఓ.టి.పి. కొరకును, అచ్చటి సిమ్మును నిత్యవ్యవహారమునకును ఉంచుకొనవచ్చును. సౌదీ అరేబియాలో 2016నుండి వేలిముద్రలు తీసికొనియే సిమ్ము ఇచ్చుచున్నారు. మరియొకని పేరిట తీసికొన్న సిమ్మును వాడరాదు. తన పేరిట తీసికొన్నదానిని ఎంత స్నేహితునికైనను ఈయరాదు. దానితో జరిగిన మోసమునకు మొదట పోలీసులు వెదకునది పేరుగలవానినే.

ఇంటర్నెట్టు ద్వారా మాటలాడుటలో దేశమునకొక నియమమున్నది. సౌదీ ప్రభుత్వము 2017లో ఇట్టి పిలుపులపై నిషేధమును చాలవరకు ఎత్తివేసినది. దుబాయి, అబుధాబిలలో వాట్సాప్ సందేశములు పోవును గాని దాని ద్వారా మాటలాడుట సామాన్యముగా సాధ్యపడదు. అనుమతి గల వేరు యాప్‌లను వాడవలెను. ఈ సంగతి తెలియని తల్లి, కుమారుడు పలుకుట లేదని ఊరిలో కన్నీరు పెట్టుకొనును.

పోవువారి నెంబరుతోపాటు ఇంటివారు తెలిసికొనవలసినవి మరి రెండు కలవు. దేశపు సంఖ్య సౌదీకి 966, ఎమిరేట్సుకు 971, కువైటునకు 965, ఖతరునకు 974, ఒమానునకు 968, బహ్రెయినునకు 973. అచ్చటివారు మనకు చేయునపుడు ముందు 91 చేర్చవలెను. ఇక కాలము విషయము. దుబాయి మనకంటె గంటన్నర, సౌదీ, కువైటులు రెండున్నర గంటలు వెనుక నుండును. మన ఉదయము ఆరు గంటలకు ఫోను చేసినచో కువైటులో తెల్లవారుజామున మూడున్నరకు నిద్రలేపినట్లగును.

2023నుండి ఎమిరేట్సు, సౌదీ, ఖతరు, ఒమాను, అమెరికా, ఇంగ్లండు మున్నగు కొన్ని దేశముల నెంబరులతో కూడ యు.పి.ఐ. చెల్లింపులకు వీలు కలిగినది. దానికి ప్రవాసుల ఖాతా యుండవలెను. తొలి పట్టికలో కువైటు లేదు. బ్యాంకునకు ఒకమారు పోయి ఈ సంగతి విచారించుట మంచిది.

ఇంటిపనులకు పోవు స్త్రీల విషయము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. కొందరు యజమానులు ఫోనును తీసికొని దాచుట కలదు. నెంబరులన్నియు ఫోనులోనే యున్నచో ఆమెకు మార్గమేమున్నది? ఇంటి నెంబరు, ఆ దేశములోని భారత రాయబార కార్యాలయపు నెంబరు కాగితముపై వ్రాసి పాస్‌పోర్టుతో గాక వేరుగా దాచుకొనవలెను. ఒక్క నెంబరునైనను కంఠస్థము చేయవలెను. చదువురాని వారిచే పలుమార్లు వల్లె వేయింపవలెను.

పంచాయతీ సభ్యులు తమ వార్డునుండి పోవువారి ఇంటివారి సమ్మతితో ఒక పుస్తకములో పేరు, దేశము, పని ఇచ్చినవారి చిరునామా, ఊరి నెంబరు, అచ్చటి నెంబరు వ్రాసియుంచుట ఉచితము. మూడు నెలలకొకమారు ఆ నెంబరులు పలుకుచున్నవో లేవో విచారింపవలెను. పలుకనిచో, వలసపోయినవారి సహాయార్థము భారత ప్రభుత్వము నడుపుచున్న కేంద్రమునకు 1800 11 3090 నెంబరుపై దేశములో ఎచ్చటినుండియైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. అచ్చట తెలుగులోను మాటలాడుదురు. పిలుచునపుడు పాస్‌పోర్టు నకలు దగ్గర నుంచుకొనవలెను. ఆ నకలును ప్రయాణమునకు ముందే తీయించి ఇంటిలో ఉంచవలెను.