నర్సు చదువులో శరీరశాస్త్రము

ఇంటర్మీడియటు పరీక్షాఫలితములు వెలువడిన పిమ్మట కొత్తచెరువు, బుక్కపట్నము ప్రాంతములలోని కొన్ని యిండ్లలో తప్పక జరుగు చర్చ యొకటి కలదు. పిల్లను నర్సు చదువునకు పంపుదమా, వలదా యని. పుట్టపర్తిలో 1991లో పెద్ద ఆసుపత్రి వెలసినది; బత్తలపల్లిలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు వారి ఆసుపత్రి యున్నది. కావున నర్సు చేయు పని యెట్టిదో యీ సీమవారు కన్నులార చూచినవారే. ఇప్పుడు మగపిల్లలును ఈ చదువున చేరుచున్నారు. అయితే ఇంటివారు చూచినది పనిని మాత్రమే. ఆ పని వెనుకనున్న పుస్తకమును వారు చూచియుండరు. చేరిన మొదటి నెలలోనే విద్యార్థిని కంట తడి పెట్టించునది ఆ పుస్తకమే. దాని పేరు శరీరనిర్మాణ శాస్త్రము, శరీరధర్మ శాస్త్రము. మొదటిది ఏ యవయవ మెక్కడ నున్నదో చెప్పును. రెండవది అది యేమి చేయుచున్నదో చెప్పును.

మూడేండ్ల డిప్లొమాలో ఈ రెంటికిని కలిపి 90 గంటల బోధన కలదు. డిగ్రీ చదువునకు మొదటి అర్ధసంవత్సరముననే ఒక్కొక్కదానికి 60 గంటలు. పెద్దవానికి 206 ఎముకలు. కండరములు ఆరువందలకు పైబడినవి. వాని పేర్లలో పెక్కు లాటిను, గ్రీకు భాషలవి. ఊరి బడిలో తెలుగున చదువుకొని, ఇంటర్మీడియటులో చరిత్రయో పౌరశాస్త్రమో తీసికొన్న పిల్ల డిప్లొమాలో చేరినచో, ఈ పేర్లన్నియు ఆమెపై ఒక్కసారిగా వచ్చిపడును. అప్పుడామె తనకు తెలిసిన ఉపాయమునే పట్టుకొనును, ఎక్కములవలె వల్లెవేయును. వల్లెవేయుటను నేను తక్కువ చేయను. పేరు నోటికి రానిదే డాక్టరుతో మాటలాడుట కుదరదు. కాని నోటికి వచ్చిన పేరు చేతికి రాకున్నచో పరీక్ష గట్టెక్కునే గాని రోగి గట్టెక్కడు.

దీనికి మన భాషలోనే చక్కని సాక్ష్యమున్నది. "నరము" అను మాటను తీసికొనుడు. సెలైను ఎక్కించుటకు పోయిన నర్సు సూది గ్రుచ్చి, "నరము దొరకలేదు" అనును. ముసలమ్మ చేతులు తిమ్మిరులెక్కుచున్నవని, "నరముల బలహీనత" అనును. బరువెత్తిన కూలివాడు మెడ త్రిప్పలేక, "నరము పట్టినది" అనును. మొదటివారి నరము రక్తము ప్రవహించు సిర. రెండవవారి నరము మెదడు వార్తలను మోయు తంతువు. మూడవవాని నరము కండరమో, దానిని ఎముకకు కట్టు స్నాయువో. మూడు వేర్వేరు వస్తువులకు ఒక్కటే మాట! పోనీ, పుస్తకపు తెలుగును ఆశ్రయింతమన్నను చిక్కే. అందు "నాడి" యనగా వార్తలు మోయు తంతువు; ఊరివారికి నాడి యనగా మణికట్టున కొట్టుకొను ధమని. "కడుపు" సంగతియు నంతే. జీర్ణాశయము కడుపే, ప్రేగులుండు చోటు కడుపే, గర్భాశయమును కడుపే. "గుండెలో మంట" యని వచ్చినవానికి గుండె నిక్షేపముగా నుండవచ్చును. పైకి ఎగదన్నిన జీర్ణరసము చేయు మంట యది. ఒకప్పుడది నిజముగా గుండెజబ్బే కావచ్చును, అదియే ప్రమాదము.

ఇందువలన మన భాష పేదదని తలపరాదు. కంటికి కనబడు భాగములకు మన ఊళ్లలో ఎంత నిశితమైన పేర్లున్నవో చూడుడు: రెట్ట, ముంజేయి, మణికట్టు, పిక్క, చీలమండ, మడమ. లోపలి వానికి మాత్రమే మాటలు చాలలేదు. చూచినవారు తక్కువ గనుక. డాక్టరు లాటినుకును రోగి తెలుగునకును నడుమ నిలిచి, "ఏ నరమమ్మా? తిమ్మిరిగా నున్నదా, లాగుచున్నదా, ఉబ్బినదా?" యని యడుగవలసినది నర్సు. ఆ ప్రశ్న యడుగుటకు మూడు వస్తువులును ఆమె మనసులో విడివిడిగా నుండవలెను.

అవి విడిగా లేకున్న నేమగునో సూదిమందు చెప్పును. పిరుదులో కండరము దళముగా నుండును గనుక అక్కడ సూది వేయుట వాడుక. ఆ కండరముల క్రింద, లోపలివైపున, చిటికెనవ్రేలి లావు గల తంతువొకటి వెన్నునుండి కాలికి దిగుచున్నది. శరీరమున దానికంటె లావైన నాడి లేదు. సూది దానికి తగిలినచో, మందు దానిలోనికి పోయినచో, పాదము పైకి లేవదు. నడచునపుడు కాలివ్రేళ్లు నేలకు రాచుకొనును. పసివానికైనచో అది జన్మమంతయు నుండిపోవచ్చును. అందుచేత పిరుదును నిలువునను అడ్డముగను రెండు గీతలతో నాలుగు భాగములుగా భావించి, పైభాగమున వెలుపలి పాలిలోనే వేయవలెనని పూర్వమునుండి నేర్పిరి. ఇప్పటి గ్రంథములు తుంటి ప్రక్కభాగము ఇంకను క్షేమమనుచున్నవి. అక్కడ గీతలు భావించుట కాదు, అరచేతితో ఎముకలను వెదకుట. తొడయెముక పైనుండు బొడిపె, కటి యెముక ముందు కొన, దాని పై అంచు. ఈ మూడింటిని తడిమి గుర్తించినపుడు పుస్తకములోని పేర్లు మూడును ఆ పిల్ల అరచేతిలోనికి దిగును. పసిబిడ్డలకు తొడ ముందు, వెలుపలి వైపున వేయుదురు.

రక్తప్రసరణ మన ఊరివారికి కష్టము కారాదు. చెరువు పేరే ఊరి పేరైన చోటు గదా. చెరువునుండి తూము, తూమునుండి కాలువ, కాలువనుండి పిల్లకాలువలు, వానినుండి మడులు. పూర్వము గ్రీకు వైద్యుడు గేలెను ఇంచుమించు ఇట్లే తలచెను. తిన్న అన్నము కాలేయమున రక్తమగుననియు, అది అవయవములకు పారి అక్కడనే ఇంకిపోవుననియు ఆతని మతము. పదునాలుగు వందల యేండ్లు లోకము దానిని నమ్మినది. 1628లో విలియము హార్వే యను ఆంగ్ల వైద్యుడు లెక్క కట్టి దానిని త్రోసివేసెను. ఆ లెక్కను నేటి అంకెలతో మనమును కట్టవచ్చును. గుండె ఒక్కమారు ముడుచుకొన్న సుమారు 70 మిల్లీలీటర్ల రక్తము వెలువడును. నిమిషమునకు 72 మార్లు. అనగా నిమిషమునకు అయిదు లీటర్లు, గంటకు మూడువందల లీటర్లు. శరీరమంతటను గల రక్తమో, ఇంచుమించు అయిదు లీటర్లే! అయిదు లీటర్ల చెరువునుండి గంటకు మూడువందల లీటర్లు పారవలెనన్న, పారిన నీరే మరల చెరువు చేరవలెను. వేరు దారి లేదు. మన మడిలో నీరు ఇంకును. ఒడలి మడిలో నీరు తిరిగి వచ్చును. ఉపమానము అక్కడికే చాలును.

తిరిగి వచ్చు దారులే సిరలు. వానియందు రక్తము వెనుకకు జారకుండ చిన్నచిన్న కవాటములు కలవు. వానిని ఎవరైనను ఇంటనే చూడవచ్చును. రెట్టకు గుడ్డను కొంచెము బిగించి కట్టి పిడికిలి బిగింపుడు. ఒక నిమిషమునకు మించి కట్టియుంచవలదు. ముంజేతిపై సిరలు ఉబ్బును, వానిపై అక్కడక్కడ ముడులవంటివి కనబడును. అవియే కవాటములు. ఒక సిరను వ్రేలితో నొక్కిపట్టి, రెండవ వ్రేలితో రక్తమును రెట్టవైపునకు, ఒక ముడి దాటునట్లు త్రోయుడు. నడిమి భాగము ఖాళీగానే యుండును. పైరక్తము క్రిందికి రాదు. నొక్కిన వ్రేలు తీసినంతనే క్రిందినుండి నిండును. హార్వే తన గ్రంథమున బొమ్మలతో చూపినది ఇదియే. సెలైను ఎక్కించుటకు రెట్టకు రబ్బరుపట్టీ కట్టు నర్సు ప్రతిదినము ఈ ప్రయోగమునే చేయుచున్నది. సూదిమొన గుండెవైపునకే యేల యుండవలెనో, దారి మధ్య ముడి తగిలిన సన్నని గొట్టము ముందుకేల పోదో ఆమెకు వేరుగా చెప్పనక్కరలేదు.

మృతదేహమును కోసి నేర్చుకొనుట వైద్యవిద్యార్థుల పని. నర్సు విద్యార్థులు చాలవరకు అస్థిపంజరముతోను, మాదిరిబొమ్మలతోను, పటములతోను నేర్చుకొందురు. మన సుశ్రుతుడు శవమును పంజరమున నుంచి పారు నీట నాననిచ్చి, ఏడు రాత్రుల పిమ్మట పొరపొరగా గీచి చూడుమనెను. తరువాత మన దేశమున ఆ యభ్యాసము అంతరించి, 1836లో కలకత్తాలో పండిత మధుసూదన గుప్తా శవపరిచ్ఛేదమునకు చేయి వేయువరకు ఆగవలసివచ్చినది. కొన్నిచోట్ల అధ్యాపకులు మేక గుండెను తెప్పించి కోసి చూపుదురు. నాలుగు గదులు, కవాటములు, దారములవంటి త్రాళ్లు అన్నియు అందు కనబడును. ఇది మంచి పద్ధతియే, గేలెను కథ గుర్తుంచుకొన్నంతవరకు. ఆతడు జంతువులను కోసి మనుష్యుని గూర్చి వ్రాసెను. మన క్రింది దవడ రెండెముకలనెను. అది ఒక్కటే యని 1543లో వెసాలియసు చూపవలసివచ్చినది.

ఎముకల పాఠమున మన ప్రాంతపు విద్యార్థికి ఒక సౌలభ్యమున్నది. సౌలభ్యమనుటకు మనసొప్పదు గాని. గాజుబీరువాలోని యెముక ఎండుకట్టె. ఒడలిలోని యెముక సజీవము. అనుదినము కొంత కరగి, కొంత క్రొత్తగా కట్టబడుచుండును. అట్లు కట్టబడునపుడు నీటిలోని ఫ్లోరైడు అందు చేరును. పాత అనంతపురము జిల్లాలో లోతైన బోరునీట ఫ్లోరైడు ఎక్కువగా నుండిన ఊళ్లు పెక్కు. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రామునకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో ఎముక బరువెక్కును గాని బలపడదు. వెన్నుపూసలను కలుపు పట్టీలు సున్నపుకట్టగును. వెన్ను కఱ్ఱయై, ప్రక్కవాని పలుకరించుటకు మనిషి ఒడలంతయు త్రిప్పవలసివచ్చును. 1937లో అప్పటి మద్రాసు రాజధానిలో ఈ జబ్బును వైద్యులు తొలుత వివరించిరి. 1990వ దశకమున సత్యసాయి నీటిపథకము వచ్చి ఎన్నో ఊళ్లకు మంచినీరు అందినది. కాని అంతకు ముందే బిగిసిన వెన్నులు సడలలేదు. తన తాత నడకను చూచిన పిల్లకు వెన్నుపూసల పాఠము వల్లెవేయ పనిలేదు.

ఊపిరితిత్తియన్న మాటలోనే పాఠమున్నది. తిత్తియనగా కమ్మరి కొలిమితిత్తి. అది తనంత తాను గాలి పీల్చదు. పీల్చించునది కమ్మరి చేయి. ఇక్కడ ఆ చేయి రొమ్మునకును కడుపునకును నడుమ గొడుగువలె నుండు కండరము. కడుపు కోత జరిగినవాడు నొప్పికి భయపడి ఆ గొడుగును దిగనీయడు. తిత్తి అడుగు భాగము తెరచుకొనదు. అక్కడ కఫము నిలిచి జ్వరము వచ్చును. నర్సు వచ్చి, కోతపై దిండు అదిమిపట్టుకొని కూర్చుండి గట్టిగా ఊపిరి తీయుమని వేధించుట అందుకే. రోగి తిట్టుకొనును. తిట్టుకొననిండు.

కడపట మూత్రపిండములు. ఇవి దినమునకు సుమారు 180 లీటర్లు వడగట్టి, ఒకటిన్నర లీటరు మాత్రమే వెలుపలికి విడుచును. తక్కినది మరల రక్తమున చేరును. నీరు తగ్గినపుడు, ఎండకాలపు చెరువున తూము బిగించినట్లు, అవి బిగించును. వాంతులు, విరేచనములతో తెచ్చిన రోగి ప్రక్కన రాత్రి కూర్చున్న నర్సు గంటగంటకు మూత్రమును కొలిచి వ్రాయుచుండును. కిలో బరువునకు గంటకు అర మిల్లీలీటరు కనీసపు లెక్క. ఏబది కిలోల మనిషికి ఇరువదియైదు. రక్తపోటు ఇంకను బాగుగనే చూపుచుండును, రోగియు మాటలాడుచుండును. పట్టికలో మాత్రము ముప్పది, ఇరువదిరెండు, పదునాలుగు అని యున్నది. తూము బిగిసినదని ఆమె యెరుగును. వేకువ రెండు గంటలకు లేచి డాక్టరును లేపబోవును.